ఇల్లు దాటడానికి అరగంట

దెబ్బ పడటం తెర మీద ఎక్కడా కనిపించదు. తిట్లూ శాపనార్థాలూ వినిపించవు. అయినా కొట్టే మొగుడి నుంచి బయటపడటం ఎంత పెద్ద పనో ఇంత వివరంగా చూపించిన సినిమా మరొకటి దొరకడం కష్టం. నిడివి అరగంట. భాష ఫ్రెంచి. పన్నెండేళ్లు దాటినా ఇప్పటికీ చూసినవాళ్ల చేత గోళ్లు కొరికిస్తోంది.

జులియన్‌కి పదేళ్లు. పొద్దున్నే బడికి బయల్దేరతాడు కానీ బడికి వెళ్లడు. ఒక వంతెన కిందికి దిగి, ఎవరి కంటా పడకుండా నక్కి కూర్చుంటాడు. బడి ఎగ్గొట్టే పిల్లలు మనకేం కొత్త కాదు. అయితే బడి ఎగ్గొట్టినవాడి మొహంలో ఉండే హుషారు వీడిలో మచ్చుకైనా లేదు. ఎవరో చెప్పినట్టు, చెప్పిన చోట, చెప్పిన టైముకి వచ్చి కూర్చున్నవాడిలా ఉన్నాడు. కాసేపటికి వాళ్లమ్మ మిరియమ్ కారులో వచ్చి ఎక్కించుకుంటుంది. మరో చోట బస్‌స్టాపులో పదిహేనేళ్ల అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుని నిలబడి ఉంటుంది. వాడి అక్క జోసెఫీన్. ఆ పిల్లనీ ఎక్కించుకుని కారు ఒక హైపర్ మార్కెట్ పార్కింగులోకి తిరుగుతుంది. ముగ్గురూ గబగబా దిగుతారు. డిక్కీ తెరుస్తారు. అందులోంచి బయటికి తీసేది చెత్త వేసే పెద్ద ప్లాస్టిక్ సంచి.

ఆ సంచి దగ్గర కాస్త ఆగాలి. ఊరెళ్లేవాళ్లు సూట్‌కేసు సర్దుతారు. సూట్‌కేసు అటక మీంచి దిగిందంటే ఇంట్లో అందరికీ తెలుస్తుంది, ఎక్కడికని అడుగుతారు. చెత్త సంచి రోజూ గడప దాటేదే, దాన్నెవరూ అడగరు. ఇదంతా సినిమాలో ఎవరూ చెప్పరు, నాకు తోచిన కారణం ఇది. ఒక్క సంచితో ఈ కుటుంబం ఎన్నాళ్లుగా ఈ రోజు కోసం లోలోపల లెక్కలు వేసుకుంటోందో అర్థమైపోతుంది. పిల్లాడు వంతెన కింద ఎందుకున్నాడో, అక్క ఎందుకు ఏడుస్తోందో అప్పుడు తెలిసొస్తుంది. వాళ్లు ఇల్లు వదిలేసి వచ్చేశారు. తండ్రికి ఇంకా తెలియదు.

సినిమా పేరు 'అవాన్ క ద తూ పెర్ద్ర్', అంటే 'అంతా పోగొట్టుకోక ముందే' అని. రాసి తీసినవాడు గ్జావియే లెగ్రాన్. 2013లో వచ్చింది. దర్శకుడిగా అతనికిదే మొదటి సినిమా.

జీతం కాగితాల మధ్య భయం

ఫ్రాన్స్‌లో హైపర్ మార్కెట్ అంటే మన డీమార్ట్‌కి పెద్దన్న. అమ్మకాల స్థలం 2,500 చదరపు మీటర్లు ఉంటే తప్ప ఆ పేరు పెట్టరు. అక్కడ మొదటి హైపర్ మార్కెట్‌ని కార్ఫూర్ సంస్థ 1963 జూన్ 15న పారిస్‌కి దక్షిణాన ఉన్న సాంత్ జెన్‌వియేవ్ దే బ్వా అనే ఊళ్లో తెరిచింది. ఆ తర్వాత దేశమంతటా ఊరి చివర పొలాల్లో ఇవి లేచాయి. నడి ఊళ్లోని కిరాణా కొట్లనీ, మాంసం కొట్లనీ చాలావరకు మింగేశాయి. చిన్న పట్టణాల్లో పరిచయస్తులు ఒకరికొకరు తారసపడే చోటు ఇప్పుడు ఇదే. అక్కడ దాక్కోవడమంటే సంతలో దాక్కోవడమే.

మిరియమ్ అక్కడికి సరుకులు కొనడానికి రాలేదు. ఆమె ఉద్యోగం చేసేది అక్కడే. ఆ రోజు పనిలో చేరడానికీ రాలేదు. ఉద్యోగం వదిలేసి, రావలసిన డబ్బేదో తీసుకుని, పిల్లలతో కనబడకుండా పోవడానికి వచ్చింది. ఇక్కణ్ణుంచి లెగ్రాన్ ఎంచుకున్న దారి చూడండి. సగటు దర్శకుడైతే ఈ పాటికి ఒక ఫ్లాష్‌బ్యాక్ వేసేవాడు. తాగొచ్చిన మొగుడు, పగిలిన గ్లాసు, మూల ముడుచుకున్న పిల్లలు. లెగ్రాన్ మనల్ని దుకాణం వెనక భాగంలోకి తీసుకెళ్తాడు. సిబ్బంది బట్టలు మార్చుకునే గది, ఆఫీసు, ట్యూబులైట్ల వెలుగులో పొడవాటి నడవాలు. అక్కడ జరిగేదంతా మాటల వ్యవహారం. పైఅధికారితో మాట్లాడాలి. ఎందుకు వెళ్తున్నావంటే ఏదో ఒకటి చెప్పాలి. పిల్లల్ని ఎక్కడో కూర్చోబెట్టాలి. తోటి ఉద్యోగులకు కొంత తెలుసు, కొంత తెలియదు, కొందరికి తెలిసీ తెలియనట్టుండటం అలవాటైపోయింది.

డబ్బు గురించి ఆమె పడే ఆరాటం మన ప్రేక్షకులకు విడ్డూరంగా అనిపించవచ్చు. ప్రాణం మీదికి వచ్చిన మనిషి జీతం గురించి ఆలోచిస్తుందా? ఆలోచిస్తుంది, ఆలోచించి తీరాలి. ఫ్రాన్స్‌లో ఉద్యోగి తనంతట తాను రాజీనామా చేస్తే మామూలుగా నిరుద్యోగ భృతి రాదు. యజమాని తీసేస్తే వస్తుంది, లేదా ఇద్దరూ ఒప్పుకుని ఉద్యోగ ఒప్పందాన్ని రద్దు చేసుకుంటే వస్తుంది. ఇంట్లో హింస వల్ల ఊరు మారాల్సి వచ్చినవాళ్లకు ఒక మినహాయింపు ఉంది, అయితే ఫిర్యాదు చేసినట్టు కాగితం చూపించాలి. ఇద్దరు పిల్లలతో రేపు ఏ ఊళ్లో తేలుతుందో తెలియని ఆడమనిషికి ఆ కాగితాల మీదే తిండి ఆధారపడి ఉంటుంది. పారిపోవడం అనగానే మన ఊహకు పరుగే వస్తుంది. ఈ సినిమాలో పారిపోవడమంటే సంతకాల కోసం కాచుకుని కూర్చోవడం.

దుస్తులు మార్చుకునే గదిలో ఒక క్షణం ఉంది. మిరియమ్ చొక్కా విప్పుతుంటే ఒంటి మీద కమిలిన మచ్చలు కనబడతాయి. కెమెరా వాటి మీదికి దూసుకుపోదు, సంగీతం ఉలిక్కిపడదు. అసలు ఈ సినిమాకు నేపథ్య సంగీతమే లేదు. ఆ మచ్చలు ఎవరి కంటపడ్డాయో ఆ మనిషి చూపు మాత్రం మారుతుంది. ఏళ్ల తరబడి పక్కపక్కన పనిచేస్తూ, ఎలా ఉన్నావంటే బాగానే ఉన్నానన్న జవాబుతో సరిపెట్టుకున్న మనిషి చూపు అది. హింసను చూపించడమంటే ఏం చూపించాలి అనే పాత ప్రశ్నకు లెగ్రాన్ ఇచ్చిన జవాబు ఈ ఒక్క షాట్‌లో దొరుకుతుంది. దెబ్బను చూపిస్తే మనం కొట్టేవాడిని చూస్తాం. మచ్చను చూసినవాళ్లని చూపిస్తే మనల్ని మనం చూసుకుంటాం.

ఇంతలో అతను వస్తాడు.

మొగుడి పేరు ఆంత్వాన్. నటించింది డెనీ మెనోషే. క్వెంటిన్ టరంటినో 'ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్' మొదటి సన్నివేశంలో, నాజీ అధికారి ఎదుట కూర్చున్న రైతుగా ఈయన్ని ప్రపంచమంతా చూసింది. ఎత్తూ లావూ ఉన్న మనిషి. గొంతు మాత్రం మెత్తన. దుకాణంలోకి అందరిలాగే నడిచొస్తాడు, కోరలూ కొమ్ములూ ఏమీ లేవు. భార్య కోసం వచ్చిన భర్త, అంతే. దుకాణంలో ఉన్న వందమందిలో అతన్ని చూసి భయపడాల్సింది ముగ్గురే. ఆ భయం ముగ్గురి నుంచి మనకు ఎక్కుతుంది. మిరియమ్ యూనిఫాంలో అతని ఎదుటికి వెళ్లి ఏమీ జరగనట్టు మాట్లాడాలి. లియా డ్రుకేర్ ఆ కొద్ది నిమిషాల్లో చేసింది నటన మీద నటన. భర్త ముందు మామూలు భార్యగా నటిస్తున్న స్త్రీగా నటించడం. గొంతు ఒక్క పిసరు వణికితే అయిపోయినట్టే. వణకదు. ఆ వణకకపోవడంలోనే ఆమె ఆ ఇంట్లో ఎన్నేళ్లు ఎలా బతికిందో తెలుస్తుంది.

ముగింపు ఇక్కడ రాయను. ఈ సినిమా చివరి నిమిషం ముందే తెలిసి చూడకూడదు.

తీసింది నటుడు

లెగ్రాన్ 1979లో పుట్టాడు. పారిస్‌లోని జాతీయ నాటక కళాశాలలో చదివాడు, రంగస్థలం మీద పెరిగాడు. చిన్నప్పుడు లూయీ మాల్ తీసిన 'ఓ రెవ్వార్ లే జాన్‌ఫాన్'లో బడిపిల్లల గుంపులో ఒకడిగా కనిపించాడు. ఆ సినిమాకు 1987లో వెనిస్‌లో గోల్డెన్ లయన్ వచ్చింది. సరిగ్గా ముప్పై ఏళ్లకు అదే వెనిస్‌లో దర్శకుడిగా అతనికి సిల్వర్ లయన్ వచ్చింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

గ్రీకు విషాద నాటకాలంటే అతనికి మక్కువ. రక్తసంబంధీకుల మధ్యే కత్తులు దూసుకోవడం ఆ నాటకాలన్నిటిలో ఉంది. ఈ కాలంలో అలాంటి కథ ఎక్కడ జరుగుతుందని వెతికితే అపార్ట్‌మెంట్ల తలుపుల వెనక దొరికింది. ఒకే కుటుంబం మీద మూడు లఘుచిత్రాలు తీయాలని మొదట అనుకున్నాడు. మొదటిది ఇది. మిగిలిన రెండూ కలిసి తర్వాత ఒక పూర్తి నిడివి సినిమా అయ్యాయి.

నాటకం నుంచి వచ్చినవాడు కాబట్టి మాటల మీద ఆధారపడతాడనుకుంటాం. ఇందులో జరిగింది తలకిందులు. ఎవరూ తమ బాధను మాటల్లో పెట్టరు. ఎందుకు వెళ్లిపోతున్నావని అడిగినప్పుడు మిరియమ్ తన కథంతా వల్లించే సన్నివేశం కోసం ప్రేక్షకుడు ఎదురుచూస్తాడు. అది రాదు. టైము లేదు మరి. కథ దాదాపు గడియారంతో సమానంగా నడుస్తుంది, తెర మీద గడిచిన నిమిషం మనకూ గడిచిన నిమిషమే. అరగంట నిడివి ఈ కథకు కుదిరినంత బాగా మరే కథకూ కుదరదేమో. గంటన్నర లాగితే గతం చెప్పాల్సి వచ్చేది, పది నిమిషాలకు కుదిస్తే ఆ ఆఫీసు గదుల్లో నిరీక్షణ మనకు అనుభవంలోకి వచ్చేది కాదు.

అలాగని లోపాల్లేవని కాదు. జోసెఫీన్ కన్నీళ్ల వెనక ఆమెకు సొంతంగా ఒక జీవితం ఉంది, వదిలి వెళ్లాల్సిన మనుషులున్నారు. ఆ ఊసు అలా తగిలి ఇలా వెళ్లిపోతుంది. పదిహేనేళ్ల పిల్లకు అమ్మను కాపాడుకోవడమూ, తన ప్రపంచాన్ని వదులుకోవడమూ ఒకే రోజు వచ్చిపడితే ఎలా ఉంటుందో ఇంకొంచెం చూడాలనిపిస్తుంది. ఉత్కంఠ మీదున్న ధ్యాసలో దర్శకుడు ఆ పిల్లను కొంత మర్చిపోయాడని నా అభిప్రాయం.

కెమెరా పట్టింది నాతలీ ద్యురాన్, కూర్పు యోర్గోస్ లాంప్రినోస్. నిర్మాత అలెగ్జాండ్ర్ గావ్రాస్, 'జెడ్' తీసిన కోస్టా గావ్రాస్ కొడుకు. రాజకీయ కుట్రను థ్రిల్లర్‌గా తీయవచ్చని తండ్రి చూపించాడు. కొడుకు నిర్మించిన తొలినాటి చిత్రాల్లో ఒకటి కాపురాన్ని థ్రిల్లర్‌గా తీసింది.

టైర్ల ఊళ్లో లఘుచిత్రాల తిరునాళ్లు

మన దగ్గర లఘుచిత్రమంటే ఎక్కువగా నిర్మాత ఆఫీసు తలుపు తట్టడానికి విజిటింగ్ కార్డు. యూట్యూబ్‌లో పెడతారు, వ్యూస్ వస్తే అదృష్టం. తరుణ్ భాస్కర్ 'సైన్మా' తీసి 'పెళ్ళిచూపులు' దాకా వెళ్లింది ఆ దారినే. ఫ్రాన్స్‌లో కూడా ఆ తలుపు తట్టడం ఉంది, అయితే దారిలో నిలబడటానికి కాస్త నీడ కూడా ఉంది. అమ్ముడైన ప్రతి సినిమా టికెట్టు మీదా వసూలయ్యే పన్ను జాతీయ సినిమా కేంద్రానికి చేరుతుంది. హాలీవుడ్ సినిమా టికెట్టయినా సరే. ఆ డబ్బులో కొంత లఘుచిత్రాలకు వెళ్తుంది. టీవీ చానళ్లూ డబ్బిచ్చి కొంటాయి. గంటలోపు సినిమా ఏదైనా అక్కడ లఘుచిత్రమే కాబట్టి ముప్పై నిమిషాలు తీయడానికి ఎవరూ భయపడరు.

వీటన్నిటికీ ఏటా పండగ క్లెర్మాన్ ఫెరాన్‌లో జరుగుతుంది. మిష్లాన్ టైర్ల కంపెనీ పుట్టిన ఊరు. చుట్టూ చల్లారిన అగ్నిపర్వతాలు, జనవరి చివర గడ్డకట్టే చలి. ఆ చలిలో లక్షమందికి పైగా జనం పొట్టి సినిమాల కోసం వరుసల్లో నిలబడతారు. 2013లో అక్కడ జాతీయ విభాగంలో గ్రాండ్ ప్రి ఈ సినిమాకే వచ్చింది. ప్రేక్షకుల బహుమతీ దీనికే. పండితులూ పామరులూ ఒకే సినిమాకు ఓటెయ్యడం ఏ చిత్రోత్సవంలోనూ తరచుగా జరిగేది కాదు. 2014 ఫిబ్రవరి 28న ఉత్తమ లఘుచిత్రంగా ఫ్రెంచి సినిమా పురస్కారం సెజార్ అందుకుంది. రెండు రోజుల తర్వాత, మార్చి 2న, ఆస్కార్ వేదిక దగ్గర నామినీల వరుసలో ఉంది. అక్కడ మాత్రం డెన్మార్క్ సినిమా 'హీలియం' గెలిచింది. చావుబతుకుల్లో ఉన్న పసివాడికి ఆస్పత్రి ఉద్యోగి చెప్పే ఊహాలోకపు కథ అది. మనసు కరిగించే సినిమాకూ, ఊపిరి బిగబట్టించే సినిమాకూ పోటీ పెడితే హాలీవుడ్ ఎటు మొగ్గుతుందో కొత్తగా చెప్పక్కర్లేదు.

బయటపడ్డాక ఏమవుతుంది

బయటపడటంతో కథ అయిపోలేదని లెగ్రాన్‌కి తెలుసు. 2017లో అదే మిరియమ్, అదే ఆంత్వాన్‌లతో 'జుస్కా లా గార్ద్' తీశాడు. ఇంగ్లిషు ప్రేక్షకులకు 'కస్టడీ'గా పరిచయం. డ్రుకేర్, మెనోషే, జోసెఫీన్ వేసిన మాతిల్ద్ ఓనెవ్ ముగ్గురూ తిరిగొచ్చారు. జులియన్ పాత్రకు మాత్రం కొత్త కుర్రాడు తోమా జొరియా వచ్చాడు. కెమెరా, కూర్పు పాతవాళ్లవే.

ఈ సినిమా కుటుంబ న్యాయమూర్తి గదిలో మొదలవుతుంది. భార్యాభర్తలు, ఇద్దరి లాయర్లు, మధ్యలో జడ్జి. నాన్న దగ్గరికి పోనని కొడుకు రాసిన ఉత్తరాన్ని జడ్జి చదువుతుంది. తల్లి నేర్పిందంటుంది ఎదుటి లాయరు. పావుగంట పాటు మాటలే. చూస్తున్న మనకే ఎవరు నిజం చెబుతున్నారో తేల్చుకోవడం కష్టమవుతుంది, లఘుచిత్రం చూసి ఉంటే తప్ప. లెగ్రాన్ ఈ సన్నివేశం రాయడానికి ముందు కుటుంబ న్యాయమూర్తులనూ, బాధిత స్త్రీలనూ, పోలీసులనూ కలిసి మాట్లాడాడు. ఫ్రాన్స్‌లో 2002 నాటి చట్టం తల్లిదండ్రులిద్దరికీ పిల్లల మీద సమాన అధికారం ఇస్తుంది, విడిపోయినా సరే. సూత్రం మంచిదే. పిల్లాడికి నాన్న కావాలన్నది ఎవరు కాదంటారు? కాకపోతే భార్య అడ్రసు తెలుసుకోవడానికి ఆ నాన్నకున్న ఏకైక దారి ఆ పిల్లాడే అయినప్పుడు ఏం జరుగుతుందో సినిమా చెబుతుంది. తండ్రి వ్యానులో కొడుకు కూర్చుంటాడు. సీటు బెల్టు పెట్టుకోమని బండి కీచుకీచుమని మోగుతూనే ఉంటుంది. ఆ చిన్న మోతకు గుండె అదురుతుంది. ఇందులోనూ నేపథ్య సంగీతం లేదు.

ఇక్కడ ఒక చిన్న మాట. 'కస్టడీ' చూడనివాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. చివర్లో ఆంత్వాన్ తుపాకీతో మెట్లెక్కి వచ్చినప్పుడు పోలీసులకు ఫోను చేసేది ఎదుటి ఫ్లాట్‌లో ఉండే ముసలావిడ. కథలో ఆమెకు అంతకుముందు చోటు లేదు. హైపర్ మార్కెట్‌లో మచ్చలు చూసిన తోటి ఉద్యోగి, పిల్లల్ని దాచినవాళ్లు, ఈ ముసలావిడ, వీళ్లంతా ఒక కోవ. రెండు సినిమాల్లోనూ మిరియమ్‌ని బతికించే పనిలో పక్కవాళ్లదే పెద్ద పాలు. బంధువులూ కాదు, వీరులూ కాదు. ఒకళ్లు తలుపు మూశారు, ఒకళ్లు నోరు మూసుకున్నారు, ఒకళ్లు ఫోనెత్తారు. లెగ్రాన్ సినిమాలకు నాయిక మిరియమే, కానీ అతని కన్ను మాత్రం ఈ పక్కవాళ్ల మీదే ఉంటుంది. అతని గురించి రాసినవాళ్లు ఎక్కువగా ఉత్కంఠనే పొగిడారు. నన్నడిగితే అతని అసలు పట్టు ఇక్కడుంది.

వెనిస్‌లో ఉత్తమ దర్శకుడికిచ్చే సిల్వర్ లయన్‌తో పాటు తొలి చిత్రానికిచ్చే బహుమతి కూడా 'కస్టడీ'కి వచ్చింది. 2019 సెజార్లలో ఉత్తమ చిత్రం, ఉత్తమ నటి, ఉత్తమ మౌలిక స్క్రీన్‌ప్లే, ఉత్తమ కూర్పు. లఘుచిత్రం విత్తు, సినిమా చెట్టు అనే మాట ఫ్రెంచి సినిమాలో అప్పుడప్పుడూ నిజమవుతుంది. బెల్జియం దర్శకురాలు డెల్ఫిన్ జిరార్ తీసిన 'యూన్ సర్' కూడా అలాగే పెరిగింది. కారులో ఇరుక్కున్న ఒకామె, పక్కన మగవాడు వింటుండగా, చెల్లెలితో మాట్లాడుతున్నట్టు నటిస్తూ అత్యవసర సేవల ఆపరేటర్‌తో మాట్లాడే కథ. ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లి, 2023లో 'కిత్తే లా న్యుయి' అనే పూర్తి సినిమా అయింది.

తెర బయటి లెక్కలు

2013లో ఈ లఘుచిత్రం వచ్చేసరికి ఫ్రాన్స్ గృహహింసను తలుపు సందులోంచి చూస్తోంది. 2003లో నటి మరీ త్రాంతిన్యాన్‌ని ప్రియుడైన రాక్ గాయకుడు బెర్త్రాన్ కాంతా కొట్టిన దెబ్బలకు చనిపోయింది. అప్పుడు చాలా పత్రికలు దాన్ని వెర్రి ప్రేమగా రాశాయి. 2012లో జాక్‌లిన్ సోవాజ్ అనే స్త్రీ నలభై ఏడేళ్ల కాపురం తర్వాత, తనను హింసించిన భర్తను కాల్చి చంపింది. రెండు కోర్టులు పదేళ్ల జైలు వేశాయి. జనం వీధుల్లోకి వచ్చాక 2016 డిసెంబరులో అధ్యక్షుడు ఫ్రాన్స్వా హొలాండ్ పూర్తి క్షమాభిక్ష ఇచ్చాడు. మిరియమ్ కథను ఆ రెండు వార్తల నీడలో చూసిన ఫ్రెంచి ప్రేక్షకులకు అది ఊహాకథలా అనిపించి ఉండదు.

2019లో భర్తలో, ప్రియులో, విడిపోయిన మాజీలో చంపేసిన స్త్రీలు ఆ దేశంలో 146 మంది అని ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఆ మరుసటి ఏడాది 102. ఎందుకు చంపారని చూస్తే, విడిపోవడాన్ని ఒప్పుకోలేకపోవడం ప్రతి ఏటా ముందు వరుసలో ఉండే కారణం. కొట్టే ఇంట్లో ఉన్నప్పటికంటే ఆ ఇల్లు వదిలేటప్పుడే ప్రమాదం ఎక్కువని ఈ రంగంలో పనిచేసేవాళ్లంతా చెప్పే మాట. సినిమా కాపురాన్ని కాక బయల్దేరడాన్ని ఎందుకు ఎంచుకుందో ఈ లెక్క చెబుతుంది. 2019లోనే ప్రభుత్వం దీని మీద పెద్ద ఎత్తున చర్చలు మొదలుపెట్టింది. మొదలుపెట్టిన తేదీ 3-9-19. బాధిత స్త్రీలు ఫోను చేసే నంబరు 3919 గుర్తుండేలా తేదీ ఎంచుకున్నారు. నంబరు 2007 నుంచీ ఉంది, రాత్రీ పగలూ పలకడం మాత్రం 2021లో మొదలైంది. హింసించినవాడు దగ్గరికి వస్తే పసిగట్టి హెచ్చరించే ఎలక్ట్రానిక్ కడియానికి 2019 డిసెంబరు చట్టం తలుపు తెరిచింది.

మన సంగతి చెప్పకుండా పక్కవాళ్ల లెక్కలు చదివితే బాగుండదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పెళ్లయిన ఆడవాళ్లలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం మంది భర్త చేతి హింసను చవిచూశామన్నారు. అదే సర్వేలో, భార్యను భర్త కొట్టడానికి సరైన కారణాలుంటాయని రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి పదిమంది ఆడవాళ్లలో ఎనిమిదిమందికి పైగా చెప్పారు. ఇక మన సినిమాల్లో ఇల్లొదిలిన భార్య పెట్టె పట్టుకుని పుట్టింటి గుమ్మంలో దిగుతుంది, తండ్రి తలపట్టుకుంటాడు, పెద్దమనుషులు కూర్చుంటారు, "సర్దుకుపోవాలమ్మా" అంటారు. విరామం తర్వాత అల్లుడు మారతాడు. మిరియమ్ కథలో ఆ పంచాయితీ లేదు. ఆంత్వాన్ మారతాడేమోనన్న ఆశ ప్రేక్షకుడికి ఒక్క క్షణం కూడా పుట్టనివ్వడు దర్శకుడు. తెలుగు ప్రేక్షకుడికి ఈ సినిమాలో అన్నిటికంటే కొత్తగా తోచేది బహుశా ఇదే. ఇక చట్టానికొస్తే, 2005 నాటి మన గృహహింస చట్టం ఉన్న ఇంట్లోనే ఉండే హక్కు బాధిత స్త్రీకి ఇచ్చింది, రక్షణాధికారిని ఇచ్చింది, రక్షణ ఉత్తర్వు ఇచ్చింది. ఫ్రాన్స్‌లో అలాంటి రక్షణ ఉత్తర్వు 2010లో వచ్చింది. అంటే కాగితం మీద మనమే ముందు.

కాగితం మీదున్నది చేతికందడం వేరే కథ, అక్కడైనా ఇక్కడైనా. మిరియమ్ ఆ రోజు హైపర్ మార్కెట్ ఆఫీసులో అడిగినవాటిలో అన్నిటికంటే మామూలుది డబ్బు. దాని మీద ఫ్రెంచి పార్లమెంటు చట్టం చేయడానికి పదేళ్లు పట్టింది. 2023 ఫిబ్రవరి 28న వచ్చిన ఆ చట్టం ప్రకారం, భాగస్వామి చేతిలో హింస అనుభవించినవాళ్లకు కుటుంబ భృతుల కార్యాలయం అత్యవసర సాయం ఇవ్వాలి. ఆదాయాన్ని బట్టి కొందరికి అది ఉచితం, కొందరికి వడ్డీ లేని అప్పు. అప్పయితే తిరిగి కట్టమని ముందుగా అడగాల్సింది హింసించినవాడినే. ఆ ఏడాది డిసెంబరు నుంచి అమలవుతోంది. దరఖాస్తు పెట్టిన మూడు నుంచి ఐదు పనిదినాల్లో డబ్బు ఖాతాలో పడాలి. పోలీసులకు ఫిర్యాదు చేసినట్టో, కోర్టు రక్షణ ఉత్తర్వు ఇచ్చినట్టో, ప్రాసిక్యూటర్ దాకా విషయం వెళ్లినట్టో రుజువు చూపాలన్న షరతు మాత్రం దీనికీ ఉంది.